90 కి.మీ. లోతులో కండక్టర్ కనిపిస్తోంది: నీరా, గ్రాఫైటా, కరిగిన రాయా?

బిందు_జియోఫిజిక్స్

అందరికీ నమస్కారం. నేను పీహెచ్‌డీ మూడో ఏడాదిలో ఉన్నాను. రాయదుర్గం దగ్గర మొదలుపెట్టి బెళుగుప్ప, కూడేరు, అనంతపురం మీదుగా తాడిపత్రి దాకా, పడమర నుంచి తూర్పుకు 14 చోట్ల మాగ్నెటోటెల్యూరిక్ (ఎంటీ) కొలతలు తీశాం. అర్థం కాక ఆగిపోయిన ఒక విషయం ఇక్కడ అడుగుతున్నాను.

ఎంటీ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మనం భూమిలోకి కరెంటు పంపం. పిడుగుల వల్లా, సూర్యుడి నుంచి వచ్చే కణాల గాలి వల్లా భూమి అయస్కాంత క్షేత్రం ఎప్పుడూ కొద్దికొద్దిగా కదులుతూ ఉంటుంది. ఆ కదలిక నేలలో కరెంటు పుట్టిస్తుంది. నేల మీద ఆ విద్యుత్ క్షేత్రాన్నీ, అయస్కాంత క్షేత్రాన్నీ కలిపి రికార్డు చేసి, ఒకదానికి ఇంకొకటి ఎన్ని రెట్లుందో చూస్తే కింద రాయి కరెంటును ఎంత అడ్డుకుంటోందో, అంటే దాని రెసిస్టివిటీ, తెలుస్తుంది. తరంగం ఎంత నిదానమైతే, అంటే ఒక ఊపుకు పట్టే కాలం (పీరియడ్) ఎంత ఎక్కువైతే, అంత లోతుకు దిగుతుంది.

మేం ఒక్కో స్టేషన్‌లో మూడు రోజుల చొప్పున, జూన్ చివరి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా రికార్డు చేశాం. మూడు యూనిట్లు ఒకేసారి నడిచేవి. ప్రాసెసింగ్ మాత్రం ఏ స్టేషన్‌కు ఆ స్టేషనే విడిగా చేశాను. టూడీ ఇన్వర్షన్ (కొలతలకు సరిపోయే భూగర్భ బొమ్మను వెతికే కంప్యూటర్ లెక్క) నడిపితే బెళుగుప్ప, కూడేరుల మధ్య 80 నుంచి 110 కి.మీ. లోతులో ఒక కండక్టర్, అంటే కరెంటు సులువుగా పోయే భాగం, వస్తోంది. అక్కడ రెసిస్టివిటీ 50 ఓమ్ మీటర్లు. చుట్టూ అంతా పదివేలకు పైనే. స్మూతింగ్ (బొమ్మను ఎంత నునుపుగా ఉంచాలనే) విలువ మార్చినా పోవడం లేదు. మోడల్‌కీ డేటాకీ తేడా కూడా బాగానే తగ్గింది.

మా గైడు గారు మాంటిల్ (భూమి పై పెంకు కింది పొర) రాళ్లలోని ఒలివిన్ ఖనిజంలో దాగిన నీరు అంటున్నారు. ల్యాబులో సీనియర్ గ్రాఫైట్ అంటున్నాడు. వజ్రకరూరు కింబర్లైట్లు (లోతునుంచి వజ్రాలను మోసుకొచ్చిన అగ్నిశిలల పైపులు) మా ప్రొఫైల్‌కు ఉత్తరాన దగ్గర్లోనే ఉన్నాయి కాబట్టి అప్పటి కరుగు ఏమైనా మిగిలిందేమో అని నాకు అనుమానం. థీసిస్‌లో ఈ కండక్టర్ మీదే ఒక అధ్యాయం రాయాలి. ఫీల్డులో కేబుళ్లు పరుస్తుంటే ప్రతి ఊళ్లోనూ రైతులు వచ్చి "అమ్మా, ఇక్కడ నీళ్లు పడతాయా?" అని అడిగేవాళ్లు. మేం చూసేది బోరు లోతు కాదన్నా అని చెప్పేదాన్ని. ఇప్పుడు అదే ప్రశ్న 90 కి.మీ. లోతు గురించి నా ముందుంది. ఈ మూడింట్లో ఏది అని ఎలా తేల్చాలి?

కడప_బేసిన్

బిందు గారూ, లోపలికి వెళ్లేముందు రెండు చిన్న సంగతులు.

తాడిపత్రి వైపు మీ చివరి స్టేషన్లు గ్రానైటు మీద లేవు, కడప బేసిన్ రాళ్ల మీదికి వచ్చేశాయి. పైన అవక్షేపం మారినచోట స్టాటిక్ షిఫ్ట్ తప్పదు. అక్కడ రెసిస్టివిటీ గీత మొత్తం పైకో కిందికో జరిగిపోయి ఉంటుంది. దాన్ని సరిచేయకుండా ఇన్వర్షన్‌కు ఇస్తే లోతులన్నీ తప్పుతాయి.

రెండోది బంగాళాఖాతం. సముద్రపు నీరు 0.3 ఓమ్ మీటర్లు. మీ కింద రాయి పదివేలు. ఇంత గట్టి రాతిలో సముద్రం ప్రభావం చాలా దూరం లోపలికి వస్తుంది కాబట్టి మోడల్ తూర్పు అంచును సముద్రం దాకా సాగదీసి అందులో నీళ్లు పెట్టండి. పగటిపూట భూమధ్య ఎలక్ట్రోజెట్ (పై వాతావరణంలో పారే కరెంటు) కూడా ఉంది. దాని నడిరేఖ తిరునల్వేలి వైపు పోతుంది, మీకు ఆరు డిగ్రీల దూరం. అయినా 100 సెకన్లు దాటిన పీరియడ్లకు రాత్రి డేటా మాత్రమే వాడితే మనశ్శాంతి.

కండక్టర్ దేనిదో చెప్పడం నా వల్ల కాదు. పాత సర్వేయరు గారు చూస్తే బాగుంటుంది.

పాత_సర్వేయరు

అమ్మా బిందూ, నీ ప్రశ్న రాత్రి చూశాను. పొద్దున్నే లేచి రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది.

ముప్పై ఏళ్లు ఈ కాయిళ్లూ (అయస్కాంత క్షేత్రానికి) కుండలూ (విద్యుత్ క్షేత్రానికి) మోసుకుంటూ తిరిగినవాణ్ని. అది ఏమిటి అని నువ్వు అడిగావు. నేను ముందు అది ఉందా అని అడుగుతాను. నిన్ను అనుమానించి కాదు. నీ పోస్టులో రెండు మాటలు చదవగానే నా గుండె ఝల్లుమంది. ఒకటి, రికార్డింగ్ జూన్ చివర నుంచి ఆగస్టు. రెండు, ఏ స్టేషన్‌కు ఆ స్టేషనే విడిగా ప్రాసెసింగ్.

ఒక లెక్క చెయ్యి. తరంగం దిగే లోతు కిలోమీటర్లలో దాదాపు సగం ఇంటూ, రెసిస్టివిటీనీ పీరియడ్‌నీ గుణించిన దాని వర్గమూలం. మీ అనంతపురం గ్రానైటు పదివేల ఓమ్ మీటర్లు అనుకుందాం. పీరియడ్ 4 సెకన్లు పెట్టు. గుణిస్తే 40,000, వర్గమూలం 200, అందులో సగం 100. అంటే నీ కండక్టర్ ఉన్న లోతు గురించి చెప్పేది 4 సెకన్ల చుట్టుపక్కల డేటా. మెత్తటి నేలలో అంత లోతుకు వేల సెకన్లు కావాలి. గట్టి క్రేటాన్‌లో, అంటే ఇలాంటి పురాతన ఖండపు రాతిలో, కొద్ది సెకన్లలోనే చేరిపోతాం. సెకను నుంచి పది సెకన్ల మధ్య ఏముంది? డెడ్ బ్యాండ్. పిడుగుల సిగ్నల్ అక్కడికి రాదు, సూర్యుడి వైపు నుంచి వచ్చేది అక్కడింకా బలం పుంజుకోదు. మొత్తం స్పెక్ట్రమ్‌లో అన్నిటికంటే బలహీనమైన చోట నీకు అన్నిటికంటే కావలసిన సమాచారం కూర్చుంది.

ఇప్పుడు గాలి సంగతి. ఆషాఢంలో ఆ నేల మీద గాలి ఎలా ఉంటుందో నీకు నేను చెప్పనక్కర్లేదు, అందుకే కదా ఉరవకొండ వైపు అన్ని గాలిమరలు పెట్టారు. కాయిల్ భూమి అయస్కాంత క్షేత్రంలో వెంట్రుకవాసి ఊగినా చాలు, అది కొలవాల్సిన సిగ్నల్ కంటే పెద్ద వోల్టేజి వస్తుంది. కాయిల్లో గాలి రొద చేరితే ఏమవుతుందో ఆలోచించు. ఇంపీడెన్స్ అంటే విద్యుత్ క్షేత్రాన్ని అయస్కాంత క్షేత్రంతో భాగించడం. ఒకే స్టేషన్ డేటాతో లెక్క కడితే హారంలో అయస్కాంత క్షేత్రం తనను తాను గుణించుకుని కూర్చుంటుంది. సిగ్నల్‌తో పాటు రొద కూడా తనను తాను గుణించుకుంటుంది. హారం పెరిగింది, ఇంపీడెన్స్ తగ్గింది, రెసిస్టివిటీ పడిపోయింది. 4 సెకన్ల దగ్గర పడిపోయిన రెసిస్టివిటీని ఇన్వర్షన్‌కు ఇస్తే అది తన పని తాను చేస్తుంది: 100 కి.మీ. లోతులో ఒక కండక్టర్ పెడుతుంది. స్మూతింగ్ ఎంత మార్చినా పోదు, ఎందుకంటే తప్పు మోడల్లో లేదు, డేటాలో ఉంది.

ఇది నాకు పుస్తకం నేర్పలేదు. తొంభైల్లో ఇలాంటి గట్టి నేల మీదే పనిచేస్తున్నాం. మే నెల ఎండ. కాయిల్ గొయ్యి తవ్వాల్సిన చోట గడ్డపార దిగడం లేదు, రాయి. నలభై అడుగుల దూరంలో ఒక పెద్ద వేపచెట్టు, దాని కింద మెత్తటి మట్టి, నీడ కూడా ఉంది. కుర్రాళ్లు ఎండకు సొమ్మసిల్లుతున్నారు, సరే అక్కడే తవ్వండి అన్నాను. రసమట్టం పెట్టి, దిక్సూచి చూసి, గొయ్యి మోకాలి లోతు తీసి, మట్టి కప్పి, అన్నీ పద్ధతిగానే చేశాం. సాయంత్రం గాలి లేచింది. చెట్టు ఊగితే వేళ్లు కదులుతాయి, వేళ్లు కదిలితే చుట్టూ మట్టి కదులుతుంది, ఆ మట్టిలో మా కాయిల్. నేను గుడారంలో ప్రశాంతంగా పడుకున్నాను. ఆ స్టేషన్ నుంచి 60 కి.మీ. లోతులో అందమైన కండక్టర్ వచ్చింది. దాన్ని బొమ్మ గీయించి ఒక సమావేశంలో చూపించాను. వెనక వరసలోంచి ఒకాయన లేచి "ఫేజు గీత ఒకసారి చూపిస్తారా?" అన్నాడు. ఫేజు అంటే విద్యుత్, అయస్కాంత క్షేత్రాల ఊపుల మధ్య ముందువెనకల తేడా. చూపించాను. 45 డిగ్రీల దగ్గర తాడు కట్టినట్టు చదునుగా ఉంది. ఆయన ఇంకేమీ అనలేదు, కూర్చున్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఎందుకంటే కాయిల్లో రొద రెసిస్టివిటీని కిందికి లాగుతుంది కానీ ఫేజును ముట్టుకోదు. కింద నిజంగా కండక్టర్ ఉంటే రెసిస్టివిటీ గీత దిగుతున్నప్పుడు ఫేజు 45 దాటి పైకి లేవాలి. పైగా ముందే లేవాలి. రెసిస్టివిటీ ఇంకా సందేహిస్తుండగానే ఫేజు చెప్పేస్తుంది. రెండూ ఒకదానికొకటి కట్టుబడిన గీతలు, ఒకటి తెలిస్తే రెండోది దాదాపు లెక్కకట్టొచ్చు. రాబర్ట్ పార్కర్ 1980లో ఇచ్చిన డి ప్లస్ లెక్క ఆ రెండూ పొసుగుతున్నాయో లేదో చూడటానికే పనికొస్తుంది, నీ సాఫ్ట్‌వేర్‌లో ఉండే ఉంటుంది. ఇంకో గుర్తు కూడా చూడు: పొరలు పొరలుగా ఉన్న భూమిలో లాగ్ గ్రాఫు మీద రెసిస్టివిటీ గీత 45 డిగ్రీల వాలు దాటి లేవదు. డెడ్ బ్యాండ్‌లో గుంటలా పడి, పది సెకన్ల తర్వాత నిట్టనిలువుగా లేచిందంటే అది భూమి చేసిన పని కాదు.

మందు కూడా నీ దగ్గరే ఉంది. మూడు యూనిట్లు ఒకేసారి నడిచాయన్నావు. 1979లో గాంబుల్, గౌబౌ, క్లార్క్ చూపించిన రిమోట్ రిఫరెన్స్ పద్ధతిలో ఒక స్టేషన్‌కు ఇంకో స్టేషన్ అయస్కాంత డేటాను తోడు పెట్టు. బెళుగుప్ప కాయిల్‌ను ఊపిన గాలి, తాడిపత్రి కాయిల్‌ను అదే క్షణంలో అదే తీరున ఊపలేదు కాబట్టి రొద లెక్కలోంచి జారిపోతుంది. సూర్యుడి నుంచి వచ్చిన సిగ్నల్ రెండుచోట్లా ఒకటే, అది నిలుస్తుంది.

సరే, ఇదంతా చేశాక కూడా కండక్టర్ మిగిలిందనుకో. అప్పుడు 50 అనే అంకెను నమ్మకు. ఎంటీకి తెలిసేది మందాన్ని రెసిస్టివిటీతో భాగిస్తే వచ్చే కండక్టెన్స్ ఒక్కటే. 30 కి.మీ. మందం, 50 ఓమ్ మీటర్లు అంటే 600 సీమెన్స్. 6 కి.మీ. మందం, 10 ఓమ్ మీటర్లు అన్నా 600. 600 మీటర్ల మందం, 1 ఓమ్ మీటరన్నా 600. పైనుంచి చూసేవాడికి ఈ మూడూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. 30 కి.మీ. అని నీకు చెప్పింది డేటా కాదు, స్మూతింగ్. అందుకే చేత్తో మోడల్ మార్చు: ఆ ముక్క తీసేసి వెయ్యి ఓమ్ మీటర్లు పెట్టి ఫార్వర్డ్ లెక్క (ఆ మోడల్‌కు ఏ కొలతలు రావాలో చెప్పేది) నడుపు. ఏ స్టేషన్‌లో ఏ పీరియడ్ దగ్గర డేటా ఎదురుతిరుగుతుందో చూడు. ఎక్కడా ఎదురుతిరగకపోతే అక్కడ కండక్టర్ కావాలని నీ డేటా అడగడం లేదన్నమాట.

ఆ తర్వాత వేడి. తూర్పు ధార్వాడ్‌లో నేలలోంచి పైకి వచ్చే వేడి చదరపు మీటరుకు 40 మిల్లీవాట్ల దరిదాపు. దాన్నిబట్టి 100 కి.మీ. దగ్గర 800, 900 డిగ్రీలు ఉంటుంది. పొడి పెరిడోటైట్ (మాంటిల్ రాయి) కరగాలంటే అక్కడ 1450 పైమాటే. నీరు, కార్బొనేటు కలిస్తే ఆ కరిగే వేడి బాగా దిగుతుంది, నిజమే. కానీ కరుగు రాతికంటే తేలిక, పైకి పోతుంది. వజ్రకరూరు పైపులు 110 కోట్ల ఏళ్ల నాటివి. వంద కిలోమీటర్ల మందాన వేడి చల్లారడానికి మహా అయితే ముప్పై కోట్ల ఏళ్ల స్థాయి చాలు. అప్పటి కరుగు ఇప్పటికీ అక్కడుందనే ఆలోచనను పక్కన పెట్టేయమ్మా.

మిగిలింది గ్రాఫైట్, నీరు. ఇక్కడ నాకు మనసుకు బాగా పట్టిన విషయం ఒకటుంది.

మాది ధర్మవరం పక్కన. మా అమ్మ పెళ్లి చీర అసలు వెండి జరీది. ఒకసారి మల్టీమీటరు బాగుచేస్తూ ఆ చీర మంచం మీద ఆరేసి ఉంటే ఊరికే రెండు ముళ్లూ అంచు మీద పెట్టాను. బారెడు దూరంలో పెట్టినా కుయ్యిమంది. ఒక ముల్లు తీసి జానెడు పక్కకి, చీర ఒంటి మీద పట్టులో పెడితే చప్పుడే లేదు. జరీ చీర బరువులో ఎంత? కానీ పోగు తెగకుండా ఉంది. అదే జరీని ముక్కలు ముక్కలుగా కత్తిరించి చీరంతా చల్లి ఉంటే మీటరుకు ఏమీ తెలిసేది కాదు. పైగా అంచు వెంబడి ఒక మాట, అడ్డంగా ఇంకో మాట. నీ రెండు మోడ్లు (ప్రొఫైల్ వెంబడి, అడ్డంగా పారే కరెంట్ల కొలతలు) వేరువేరుగా చెబుతుంటే ఆ చీర గుర్తుచేసుకో.

రాతిలోనూ అంతే, లెక్క కట్టి చూసుకో. గ్రాఫైట్ వాహకత మీటరుకు పదివేల సీమెన్స్ అనుకుంటే, గింజ గింజ చుట్టూ పలుచటి పొరలా పట్టి తెగకుండా ఉన్నప్పుడు రాయి మొత్తాన్ని 50 ఓమ్ మీటర్లకు దించడానికి ఘనమీటరు రాతిలో 3 ఘన సెంటీమీటర్లు చాలు. చిన్న చెంచాడు కూడా కాదు. అదే గ్రాఫైట్ విడివిడి ముద్దలుగా ఉంటే ఘనమీటరులో పది లీటర్లు పోసినా వాహకత నూటికి మూడు వంతులే పెరుగుతుంది. కాబట్టి నీ బొమ్మలో ఎర్రగా కనిపిస్తున్నది ఎంత ఉందో చెప్పదు. ఏదో ఒకటి తెగకుండా కలిసి ఉందని మాత్రం చెబుతుంది.

జర్మనీలో విండిషెషెన్‌బాఖ్ దగ్గర కేటీబీ అనే పరిశోధన బోరు 1994లో 9,101 మీటర్ల దగ్గర ఆపారు. పైనుంచి కొలిచినప్పుడు కండక్టర్ కనిపించిన చోటే తవ్వారు. నలిగిన షియర్ జోన్లలో గ్రాఫైట్ పూత దొరికింది, ఉప్పునీళ్లూ దొరికాయి. రాయి నలిగి జారినప్పుడు గ్రాఫైట్ పూసుకుపోయి పోగులా సాగుతుంది. కెనడాలో స్లేవ్ క్రేటాన్ కింద 80 నుంచి 120 కి.మీ. లోతులో అలన్ జోన్స్ బృందం 2001లో చూపించిన కండక్టర్ నీ దానికి దగ్గరి చుట్టం. చలికాలంలో మంచు మీదా, సరస్సుల అడుగునా పరికరాలు పెట్టి తీశారు. అది లాక్ ద గ్రా వజ్రాల గనుల ప్రాంతం కిందే ఉంది. రాతిలో కలిసిన హైడ్రోజన్ కావచ్చు, గ్రాఫైట్ రూపంలో ఉన్న కార్బన్ కావచ్చు అని వాళ్లు వివరణ ఇచ్చారు. గ్రాఫైట్ అనే ఎందుకంటే, అంతకంటే లోతుకెళితే కార్బన్ వజ్రమైపోతుంది, వజ్రం కరెంటును పోనివ్వదు. వజ్రకరూరులో తొలకరి పడగానే చేలల్లో వంగి వెతికే జనాన్ని నువ్వూ చూసే ఉంటావు. వాళ్లు వెతికే రాయి దాదాపు 140 కి.మీ. లేదా ఇంకా కిందినుంచి వచ్చింది. అంటే ఆ ప్రాంతపు మాంటిల్లో కార్బన్ ఉండేదన్న సంగతికి సాక్ష్యం నీ ప్రొఫైల్ పక్కనే ఉంది. కానీ అది కలిసి ఉందా అన్నది వేరే ప్రశ్న.

నీటి సంగతి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడున్నారు. ముందు ఫేజు చూసి రా తల్లీ.

బైరాయిట్_నుంచి

సర్ చెప్పిన నీటి భాగం నేను అందుకుంటాను. నేను జర్మనీలో అధిక పీడన ల్యాబులో ఒలివిన్ వాహకత కొలుస్తాను. రోజూ చూసేది గోరంత నమూనా.

పొడి ఒలివిన్ 850 డిగ్రీల దగ్గర పదివేల ఓమ్ మీటర్లకు చాలా పైన ఉంటుంది, అందులో గొడవ లేదు. గొడవంతా హైడ్రోజన్ దగ్గరే. ఒలివిన్‌లో నీరంటే తడి కాదు, స్ఫటికంలో లోపాలున్న చోట కూర్చున్న హైడ్రోజన్. అది కదిలితే కరెంటు కదులుతుందని షున్ కరాటో 1990లో అన్నారు. 2006లో రెండు బృందాలు కొలిచి రెండు వేర్వేరు జవాబులు ఇచ్చాయి, ఇప్పటికీ ఆ తేడా పూర్తిగా తీరలేదు.

అదెంత తేడానో మీ అంకెలతోనే చూపిస్తాను. 850 డిగ్రీలు, ఒలివిన్‌లో 100 పీపీఎం (పది లక్షల్లో 100 వంతులు) నీరు. వాంగ్ బృందం 2006 సూత్రంలో పెడితే 190 ఓమ్ మీటర్లు వస్తుంది. యోషినో బృందం 2009 సూత్రంలో పెడితే పదివేల దరిదాపు. ఒకే ఖనిజం, ఒకే వేడి, ఒకే నీరు, యాభై రెట్ల తేడా. మీ గైడు గారు నీరు అన్నప్పుడు ఏ సూత్రంతో అన్నారో అడగండి. వాంగ్ సూత్రంతోనైనా 50 ఓమ్ మీటర్లు రావాలంటే వెయ్యి పీపీఎంకు దగ్గర పడుతుంది. దక్షిణ ఆఫ్రికా కాప్‌వాల్ క్రేటాన్ నుంచి కింబర్లైట్లు మోసుకొచ్చిన మాంటిల్ రాళ్లలో ఆన్ పెస్లియర్ బృందం 2010లో కొలిచింది పదుల పీపీఎం మాత్రమే. అడుగున ఉన్నవైతే దాదాపు పొడి. వెయ్యి అంటే క్రేటాన్ వేరు (అడుగు భాగం) మెత్తబడి ఎప్పుడో కొట్టుకుపోయి ఉండేది.

గ్రాఫైట్ గురించి ఒక హెచ్చరిక. మాంటిల్ వేడిలో గింజల మధ్య పలుచటి గ్రాఫైట్ పొర నిలవదు, ముద్ద కట్టుకుపోతుందని ప్రయోగాలు చూపించాయి. సల్ఫైడ్ కరుగుకు కూడా ఒలివిన్ గింజల మీద పరుచుకునే గుణం లేదు, కొద్దిగా ఉంటే బొట్లు బొట్లుగా విడిపోతుంది. సర్ చెప్పిన జరీ పోగు అంత లోతులో తెగకుండా ఉండాలంటే దాన్ని సాగదీసి ఉంచే షియర్ లాంటిదేదో కావాలి. ఫ్లోగోపైట్ అనే అభ్రకం కూడా ఒక అభ్యర్థి. కింబర్లైట్ ద్రవాలు తగిలిన మాంటిల్లో అది బాగా పుడుతుంది, ఫ్లోరిన్ ఎక్కువుంటే కరెంటును బాగా పోనిస్తుంది. దాన్ని వదిలేయకండి.

ల్యాబ్ సూత్రాల్లో ఏది నమ్మాలన్నదానికి 2012లో జోన్స్ బృందం ఒక దారి చూపింది. కాప్‌వాల్ మీద జాగర్స్‌ఫాంటెయిన్ దగ్గర, దాని బయట గిబియన్ దగ్గర, ఒకే చోట ఎంటీ కొలతలూ, పైకొచ్చిన రాళ్లలో వేడి, నీటి లెక్కలూ రెండూ ఉన్నాయి. ఆ రెండూ కలిసేలా సూత్రాన్ని సరిదిద్దారు. మీకు వజ్రకరూరు రాళ్లున్నాయి కానీ అవి చెప్పేది 110 కోట్ల ఏళ్ల కిందటి మాంటిల్ గురించి. ఎంటీ చెప్పేది ఈ రోజు గురించి. ఆ ఎడం గుర్తుపెట్టుకుని వాడండి.

బిందు_జియోఫిజిక్స్

సర్, తొమ్మిది రోజులు పట్టింది. అందుకే ఆలస్యంగా రాస్తున్నాను.

కండక్టర్‌కు కారణమైన స్టేషన్లు ఐదు. ఫీల్డు పుస్తకాలు తీసి చూశాను. వాటిలో మూడింటి స్కెచ్చుల్లో కాయిల్ పక్కన చెట్టు గీసి ఉంది, అందులో ఒకటి నా చేత్తోనే గీశాను. చింతచెట్టు. ఆ రోజు నాకు బాగా గుర్తు. వేరుశనగ విత్తిన చేలో తవ్వనివ్వం అన్నారు, గట్టు మీద చెట్టు పక్కన తవ్వుకోమన్నారు.

రిమోట్ రిఫరెన్స్‌తో మళ్లీ ప్రాసెస్ చేశాను. ఆ మూడు స్టేషన్లలో 2 నుంచి 8 సెకన్ల మధ్య ఉన్న గుంట పోయింది. రెసిస్టివిటీ గీత నాలుగైదు రెట్లు పైకి లేచి చదునైంది. ఫేజు మొదటినుంచీ 44, 46 మధ్యే ఉంది, మీరు చెప్పినట్టే. పాత బొమ్మలో ఆ ఫేజు పాయింట్ల మీదుగా మోడల్ గీత వేరే దారిలో పోతోంది. మొత్తం తేడా తక్కువగా ఉందని నేను దాన్ని ఒక్కసారి కూడా విడిగా చూడలేదు. ఆ బొమ్మ పెట్టి రెండు సెమినార్లు ఇచ్చాను సర్.

మిగతా రెండు, కూడేరుకు పడమటి వైపువి, అలా పోలేదు. వాటి దగ్గర చెట్లు లేవు, బీడు భూమి. అక్కడ ఫేజు 3 సెకన్ల దగ్గర లేవడం మొదలై 57 దాకా వెళుతోంది, డి ప్లస్ పరీక్షలో కూడా నిలబడ్డాయి. తూర్పు అంచున సముద్రం పెట్టి, తాడిపత్రి వైపు స్టాటిక్ షిఫ్ట్ సరిచేసి ఇన్వర్షన్ మళ్లీ నడిపాను. కండక్టర్ వెడల్పు మూడో వంతుకు తగ్గింది. రెసిస్టివిటీ 300 దగ్గర ఆగింది. మందం అదే అనుకుంటే 100 సీమెన్స్. దాన్ని తీసేసి వెయ్యి ఓమ్ మీటర్లు పెడితే ఆ రెండు స్టేషన్ల ఫేజు మాత్రం ఎదురుతిరుగుతోంది, మిగతా పన్నెండూ పట్టించుకోవడం లేదు.

బైరాయిట్ గారూ, 300 అయితే నీటి లెక్క మారుతుందా?

బైరాయిట్_నుంచి

మారుతుంది. వాంగ్ సూత్రంలో 850 డిగ్రీల దగ్గర 300 ఓమ్ మీటర్లకు 50 పీపీఎం చాలు, అది క్రేటాన్ రాళ్లలో దొరికే స్థాయే. యోషినో సూత్రంలో మాత్రం అంత నీటితో ఇప్పటికీ 300కు రాదు. మీ గైడు గారి మాట మళ్లీ బతికింది, కానీ ఒక సూత్రం ప్రకారమే. రెండు లెక్కలూ పక్కపక్కన వేసి రాయండి.

పాత_సర్వేయరు

బిందూ, ఆ మూడు స్టేషన్లు పోయాయని బాధపడకు. సెమినార్ల మాట చదివినప్పుడు నా సమావేశం గుర్తొచ్చింది. నువ్వు నీ అంతట నువ్వే ఫీల్డు పుస్తకం తీసి చెట్టు వెతికావు. నేను అంత చేయలేదు, ఇంకొకరు లేచి అడిగేదాకా ఆగాను.

ఇప్పుడు నీ దగ్గరున్నవి రెండు స్టేషన్లు, 57 డిగ్రీల ఫేజు. దీని మీద అధ్యాయం రాయొచ్చు, కానీ ముందు మళ్లీ వెళ్లాలి. డిసెంబరు, జనవరిలో గాలి తగ్గుతుంది, వేరుశనగ పీకేసి ఉంటారు కాబట్టి చేల నడిమధ్య తవ్వనిస్తారు. ఆ రెండింటి మధ్యలో ఐదేసి కిలోమీటర్లకు నాలుగు స్టేషన్లు పెట్టు. ప్రొఫైల్‌కు ఉత్తరాన, దక్షిణాన కూడా రెండు రెండు పెట్టు, అప్పుడు త్రీడీ నడపొచ్చు, పోగు ఎటు వాలిందో తెలుస్తుంది. ఒక యూనిట్‌ను దూరంగా ఒకే చోట మొత్తం కాలం వదిలెయ్యి, అదే నీ రిఫరెన్స్. కుండలకు బెంటోనైట్ బురద కాస్త ఎక్కువే పోయి, చలికాలమైనా నేల మధ్యాహ్నానికి ఎండుతుంది. మోటర్లకు త్రీఫేజు ఇచ్చే వేళలు లైన్‌మన్‌ను అడిగి రాసుకో, ఆ గంటలు ప్రాసెసింగ్‌లో వదిలేయొచ్చు.

కాయిల్ గొయ్యి మాత్రం నువ్వే నిలబడి తవ్వించు. చుట్టూ వంద అడుగుల్లో చెట్టు లేదని నీ కళ్లతో చూశాకే మట్టి కప్పనివ్వు. వెళ్లే ముందు తేదీలు చెప్పు. మోకాళ్లు సహకరిస్తే ధర్మవరం నుంచి నేనూ రెండు రోజులు వస్తాను.